తథాస్తు దేవతలకు వినపడకుండా

తథాస్తు దేవతలకు ఎంత దూరం వినపడుతుందన్న సందేహం మనుషులకు ఎప్పటినుంచో ఉండే ఉంటుంది. కానీ దాన్ని ఎజెండాలో రెండో అంశంగా చేర్చి, కోరం సరిచూసుకుని, చర్చకు పెట్టిన ఘనత మాత్రం గౌతమీ విహార్ కాలనీ సంక్షేమ సంఘానిదే.

చర్చకు పెట్టాక అందరూ వీరభద్రం వైపు తిరిగారు.

వీరభద్రం శాస్త్రాలు చదువుకున్నవాడు కాదు. తొమ్మిదో తరగతి రెండుసార్లు చదివి, రెండోసారి కూడా అది తనని పైకి వదలకపోతే తనే దాన్ని కింద వదిలేసి వచ్చినవాడు. కాలనీ మొదట్లో 'దుర్గా సౌండ్స్ అండ్ షామియానా' అన్న కొట్టు ఆయనదే. పెళ్లికైనా, పార్టీ మీటింగుకైనా, వినాయకుడి పందిరికైనా ఆయన మైకే మోగాలి. యాభై దాటిన మనిషి. పొద్దున్నే కాలనీ వాట్సాప్ గ్రూపులో గులాబీ పువ్వు పక్కన శుభోదయం పెడితే గానీ కాఫీ గొంతు దిగదు.

"వీరభద్రంగారూ, మీ మైకు ఎంత దూరం వినపడుతుంది?" అని అడిగారు అధ్యక్షులు పద్మనాభంగారు. ఆయన డిప్యూటీ తహసీల్దారుగా రిటైరయ్యారు. ఉద్యోగం వదిలింది గానీ విచారణ చేసే గొంతు వదల్లేదు.

"గాలివాటాన్ని బట్టండి. ఇటు రైలు గేటు దాకా, అటు చేపల మార్కెట్టు దాకా ఇనపడుద్దండి."

"అడ్డంగా కాదండీ. నిలువుగా."

ఇన్నేళ్ల వ్యాపారంలో ఏ పెళ్లివారూ అడగని ప్రశ్న అది. వీరభద్రం తలగోక్కున్నాడు.

"పైకా అండీ? పైనోళ్లెవరూ ఇప్పటిదాకా కంప్లయింటు ఇవ్వలేదండి."

"ఇవ్వరు. తథాస్తు అనేసి వెళ్లిపోతారు. అదే కదా సమస్య!" అన్నారు పద్మనాభంగారు. సభ్యులందరూ ఒకసారి కప్పు వైపు చూశారు.

సంగతేమిటంటే, వచ్చే ఆదివారం కాలనీ పార్కులో క్యాన్సర్ అవగాహన దినం. ఆడవాళ్లు పిండివంటల స్టాళ్లు పెడతారు, పిల్లలకి చెంచాలో నిమ్మకాయ పరుగు పెడతారు, వచ్చిన డబ్బు హుండీలో వేసి బీద రోగులకు పంపిస్తారు. పట్నం నుంచి ఓ ట్రస్టువాళ్లు పరీక్షల బస్సు తెస్తారు. అందులో డాక్టరమ్మ ఉంటుంది. ఆడవాళ్లకి ఉచితంగా పరీక్ష చేస్తుంది. మధ్యాహ్నం వేరే ఊరు వెళ్లిపోతుంది, మళ్లీ ఏడాదికి గానీ రాదు.

ఈ ఆలోచనంతా వీరభద్రానిదే. మైకూ, షామియానా, కుర్చీలూ ఊరికే ఇస్తానన్నాడు కూడా. షామియానా కట్టిన తాడుకి వేరే అద్దె వేసే మనిషి ఊరికే ఇస్తాననేసరికి కాలనీ అంతా ఆశ్చర్యపోయింది.

అసలు కారణం ఆయనకీ, ఆయన భార్య వరాలుకీ తప్ప ఎవరికీ తెలియదు. ఓ రోజు వరాలు గారెల పిండి రుబ్బుతూ, గ్రైండరు చప్పుడు చాటున, మొహం గోడవైపు తిప్పుకుని చెప్పింది. ఎడం పక్కన, రవిక లోపల, సెనగ్గింజంత గట్టిగా తగులుతోందని. వీరభద్రం అప్పటికప్పుడు చొక్కా తొడుక్కున్నాడు.

"నేన్రాను," అంది వరాలు. "ఆ ఆసుపత్రి గుమ్మంలో నన్నెవరైనా చూశారంటే, సందేళకల్లా ఈదంతా వచ్చి నా చెయ్యట్టుకుని ఏడ్చి ఎళ్తారు. బతికుండగానే ఫొటోకి దండేసేత్తారండి."

"మరెలాగే?"

"నలుగురాడోళ్లు ఎళ్తా ఉంటే ఆళ్లెనకాల ఎళ్తాను. గుంపులో ఎవరూ ఎవర్నీ చూడరు."

ఆ నలుగురాడవాళ్లని ఎక్కణ్నుంచి తేవాలా అని ఆలోచించి ఆలోచించి, వీరభద్రం ఫోన్లో ఈ బస్సు సంగతి పట్టుకున్నాడు. నలుగురి కోసం కాలనీ మొత్తాన్ని పోగు చేస్తున్నాడన్నమాట.

ఇదంతా తెలియని సంఘం, బ్యానర్ నమూనా దగ్గర ఆగిపోయింది.

"ఈ మాట ఇంత పెద్దక్షరాలతో రాసి, పైగా రోజంతా మైకులో అంటామా?" అన్నారు పద్మనాభంగారు. "పొద్దుట్నుంచీ 'క్యా...' అదే, అది, అది అంటూ ఉంటే, పైన వెళ్లే దేవతలు విని తథాస్తు అంటే? కాలనీకి ఎవరు బాధ్యత వహిస్తారు? నేను వహించను. రికార్డు చేయండి."

రికార్డు చేశారు. చాలాసేపు చర్చించి, ఆ మాట బదులు 'అది' అని వాడాలని తీర్మానించారు. బ్యానర్ మారింది: "'అది' గురించి తెలుసుకుందాం! 'అది' రాకముందే మేలుకుందాం!"

వీరభద్రం తలూపాడు. నిజం చెప్పాలంటే ఆ మాట ఆయనా నోటితో అనలేడు. ఇంట్లో కూడా 'నీ ఇది' అనే అంటున్నాడు.

శనివారం మున్సిపాలిటీ నుంచి పార్కుల ఇన్‌చార్జి ధనుంజయ్‌గారు తనిఖీకి వచ్చారు. ఆ మధ్యే ఆ పార్కుని మున్సిపాలిటీ 'శుభవాక్ వనం'గా ప్రకటించింది. గేటు దగ్గర బోర్డు కూడా ఉంది: "సదరు ఉద్యానవనమందు అశుభ, అమంగళ, భీతిగొలుపు పదములు ఉచ్చరించుట, ప్రదర్శించుట, సూచించుట నిషేధించడమైనది." అప్పట్నుంచీ వాకింగుకొచ్చే ముసలాళ్లు మోకాళ్ల నొప్పుల గురించి గేటు బయటే మాట్లాడుకుని లోపలికొస్తున్నారు.

ధనుంజయ్‌గారు బ్యానర్ని అటునుంచీ ఇటునుంచీ చదివారు.

"'అది' అంటే ఏది?"

"అదేనండి," అన్నారు పద్మనాభంగారు.

"చూశారా! నాకు అర్థమైపోయింది. అర్థమైందంటే సూచించినట్టే. ఉత్తర్వుల్లో 'సూచించుట' అని స్పష్టంగా ఉంది."

"మరెలాగండి?"

"'తెలుసుకుందాం' ఉంచండి. దేన్ని అనేది ప్రజల విచక్షణకు వదిలేద్దాం."

తర్వాత ఆయన హుండీ దగ్గరికి నడిచారు. 'రోగుల సహాయార్థం' అన్న అక్షరాల మీద తెల్ల కాగితం అంటించమన్నారు. ఆ తర్వాత మైకు హారన్ల కేసి తలెత్తి చూశారు. వీరభద్రం వాటిని వేపచెట్టు కొమ్మకి, కాలనీ వైపు మొహం చేసి కట్టాడు.

"వీటిని కిందికి తిప్పాలి."

"కిందికంటే... భూమ్మీదికా అండీ?"

"ముందు జాగ్రత్త చర్యగా. ఏ వక్త అయినా నోరు జారితే శబ్దం ఊర్ధ్వ దిశగా ప్రయాణించకూడదు."

"కిందికి తిప్పితే మనుషులక్కూడా ఇనపడదు కదండీ బాబూ!"

"మనుషులకు వినపడాలని ఉత్తర్వుల్లో ఎక్కడా లేదు," అన్నారు ధనుంజయ్‌గారు.

వీరభద్రం నిచ్చెనెక్కి హారన్లని నేల వైపు తిప్పాడు. తిప్పుతున్నంతసేపూ చేతులు వేరే ఎవరివో అనిపించాయి.

ఆదివారం పొద్దున్న బస్సు వచ్చింది. దాని రెండు పక్కలా ఆ మాట ఆకుపచ్చ రంగులో నిలువెత్తున రాసి ఉంది. దాన్ని చూడగానే పద్మనాభంగారు కళ్లు మూసుకున్నారు. మూసుకునే వీరభద్రాన్ని కేకేశారు. కొట్లోంచి పెళ్లిపందిరి గుడ్డలు తెప్పించి బస్సు చుట్టూ కట్టించారు. ఎర్రటి గుడ్డ, బంగారు అంచు, గుమ్మం దగ్గర కుచ్చులు. డాక్టర్ షాహీన్ కిందికి దిగి, తను వచ్చిన బస్సుని తనే పోల్చుకోలేక ఒక నిమిషం నిలబడిపోయింది.

"ఏంటిది?"

"అలంకారం అమ్మా," అన్నారు పద్మనాభంగారు.

జనం బాగానే వచ్చారు. కజ్జికాయలు, పూతరేకులు చకచకా అమ్ముడుపోయాయి. అయితే ఎందుకొచ్చామో ఎవరికీ తెలియదు. అడుగుదామంటే చెప్పేవాళ్లు లేరు. బస్సులో పెళ్లికూతురుందని కొందరు, ఆధార్ కార్డులు సరిచేస్తున్నారని కొందరు అనుకున్నారు. ఒకాయన మూడు ఆధార్ కార్డులు పట్టుకుని వచ్చి డాక్టరమ్మని పుట్టినరోజు మార్చమన్నాడు. పేరు లేని హుండీకి ఎవరో ముందు పసుపు రాశారు. ఇంకెవరో బొట్టు పెట్టారు. కాసేపటికి దాని ముందు కొబ్బరిచిప్పలు చేరాయి. ఓ ముసలమ్మ చుట్టూ ప్రదక్షిణం చేస్తోంది.

వరాలు నీలంరంగు చీర కట్టుకుని, వెనక వరసలో, బస్సుకి దగ్గరగా ఉన్న కుర్చీలో కూర్చుంది. చీర కొంగు ఎడం పక్కకి గట్టిగా అదిమిపెట్టుకుంది. బస్సు వైపు ఒక్కరూ పోవడం లేదు. అప్పుడప్పుడూ వీరభద్రం కేసి చూస్తోంది. 'నలుగురేరీ?' అని ఆ చూపు.

డాక్టర్ షాహీన్ ప్రసంగానికి లేచింది. పద్మనాభంగారు ఆమె పక్కనే ఇంటి నుంచి తెచ్చిన పూజ గంట పట్టుకుని నిలబడ్డారు.

"ఇదెందుకండీ?" అని ఆమె అడిగింది.

"మీరు స్వేచ్ఛగా మాట్లాడండమ్మా. అవసరమైన చోట నేను చూసుకుంటాను."

"ఆడవాళ్లు నెలకోసారి తమ..."

టింగ్ టింగ్ టింగ్.

"...దగ్గర చేత్తో నొక్కి చూసుకోవాలి. గట్టిగా ఏదైనా..."

టింగ్ టింగ్.

"...లాంటిది తగిలితే నొప్పి లేదు కదా అని ఊరుకోకండి. ఎందుకంటే..."

టింగ్ టింగ్ టింగ్ టింగ్.

గంట మోగగానే ముందు వరసలో వాళ్లు అలవాటుగా కళ్లు మూసుకుని దణ్ణం పెట్టారు. వెనక వరస వాళ్లు లేచి నిలబడ్డారు. ఎవరో కర్పూరం వెలిగించారు. మిగిలిన మాటలు నేల వైపు తిరిగిన హారన్లలోంచి వేపచెట్టు మొదట్లోకి పోయాయి. ఆ చుట్టుపక్కల చీమలకి మాత్రం మంచి అవగాహన కలిగింది.

డాక్టరమ్మ కూర్చుంటూ వీరభద్రంతో అంది: "ఇంకాసేపు మాట్లాడితే నాకు నైవేద్యం పెట్టేలా ఉన్నారు. ఇంతకీ పరీక్షకి ఒక్కరైనా వస్తారా అంకుల్?"

"వత్తారమ్మా. ఒకామె... చాలామంది వత్తారు."

అప్పుడే పద్మనాభంగారికి ఆ రోజు మొత్తం మీద గొప్ప ఆలోచన వచ్చింది. తథాస్తు దేవతలు చెడ్డ మాటకి తథాస్తు అంటారని భయపడ్డాం సరే, మంచి మాటకి కూడా అంటారు కదా! ఆయన మైకు అందుకున్నారు.

"మన కాలనీలో ఎవరికీ ఏమీ లేదు! ఎవరికీ ఏమీ రాదు! అందరూ చెప్పండి!"

అందరూ చెప్పారు. మూడుసార్లు చెప్పారు. చివరిసారి పిల్లలు ఈల కూడా వేశారు. ధనుంజయ్‌గారు కన్నీళ్లు పెట్టుకున్నంత పని చేశారు.

"ఇది చరిత్రాత్మకం! ఒక్క రూపాయి ప్రభుత్వ ధనం ఖర్చు లేకుండా, కేవలం సంకల్ప బలంతో రోగరహిత ప్రాంతం! వెంటనే పై అధికారులకు నివేదిక సమర్పిస్తున్నాను. ఆకస్మిక తనిఖీకి రావచ్చు, అందరూ ఆరోగ్యంగా ఉండాలి."

ఒకరికొకరు శాలువాలు కప్పుకున్నారు.

"మరి నా బస్సు?" అంది డాక్టర్ షాహీన్.

పద్మనాభంగారు జాలిగా చూశారు. "ఇంకా పరీక్ష దేనికమ్మా? ఏమీ లేదని తీర్మానం అయిపోయింది. ఇప్పుడెవరైనా పరీక్షకి వెళ్లారంటే తీర్మానాన్ని అనుమానించినట్టు. అనుమానిస్తే దేవతలకి కోపం."

"తీర్మాన ధిక్కారం కిందికి కూడా వస్తుంది," అన్నారు ధనుంజయ్‌గారు. "బస్సును ఉచిత మర్యాదలతో సాగనంపవచ్చు."

డ్రైవరు పందిరి గుడ్డలు విప్పడం మొదలుపెట్టాడు.

వరాలు లేచి వీరభద్రం దగ్గరికి వచ్చింది. గొంతు మామూలుగానే ఉంది. దానికే ఆయనకి భయమేసింది.

"ఇంటికెళ్దారండి. అన్నం వండాలి."

"ఉండవే..."

"ఎందుకండీ? ఎవరూ ఎక్కట్లేదు కదా. నేనొక్కదాన్నీ ఎక్కితే అందరూ నన్నే చూత్తారు. పోన్లెండి. పై ఏడు చూద్దారి."

పై ఏడు. వీరభద్రానికి ఒక్కసారిగా గ్రైండరు చప్పుడు వినిపించింది. దాని చాటున గోడతో మాట్లాడిన మనిషి గొంతూ వినిపించింది. ఏమీ చెప్పకుండా నిచ్చెన తీసుకెళ్లి వేపచెట్టుకి వేశాడు. ఎక్కి, హారన్ల తాళ్లు విప్పి, వాటి మొహాలు నిటారుగా ఆకాశం వైపు తిప్పి కట్టాడు.

"ఏం చేస్తున్నారు?" కింద నుంచి ధనుంజయ్‌గారి కేక.

వీరభద్రం దిగి మైకు దగ్గరికి వచ్చాడు. ఇన్నేళ్లలో వేలమందికి మైకు అందించాడు గానీ, తను మాత్రం అందులో 'హలో, మైక్ టెస్టింగ్' తప్ప మరో మాట అనలేదు. ఇప్పుడూ అలవాటు పోలేదు.

"హలో. మైక్ టెస్టింగ్. హలో."

పార్కు మొత్తం తిరిగి చూసింది. రైలు గేటు దగ్గర ఆగిన స్కూటర్లవాళ్లు కూడా చూశారు.

"తథాస్తు దేవతలకి నమస్కారవండి. నేను దుర్గా సౌండ్స్ వీరభద్రాన్ని మాట్టాడుతున్నానండి. ఓ మంచిమాట చెబుతాను, కాత్త శ్రద్ధగా ఇనండి. ఇదుగో, ఈ ఎర్రగుడ్డల బస్సెక్కి, డాక్టరమ్మ చేత చూపించుకుని దిగిన ప్రతి ఆడకూతురూ, పసుపు కుంకాలతో నూరేళ్లు సల్లగా ఉంటాది!"

ఒక్క క్షణం ఆగాడు. పైన వాళ్లు తథాస్తు అనడానికి టైమివ్వాలి కదా. ఆ క్షణంలో జనం కూడా ఆకాశంలోకి చూశారు. ఓ కొంగ మాత్రం వెళ్లింది.

"అలాగేనంటండీ," అని మైకు కింద పెట్టాడు.

ధనుంజయ్‌గారు జేబులోంచి ఉత్తర్వు తీసి పైనుంచి కిందికి చదివారు. అశుభం లేదు. అమంగళం లేదు. భీతిగొలిపేదీ లేదు. అభ్యంతరం చెప్పడానికి నోరు తెరిచి, దేనికో తెలియక, అలాగే ఉంచారు.

ముందు వరసలోంచి పద్మనాభంగారి భార్య రత్నమాణిక్యంగారు లేచారు. ఆవిడ కాలనీలో ఏ పని మొదలైనా ముందుంటారు, లేదా మొదలవనివ్వరు.

"వీరభద్రంగారూ, మరి ఎక్కనోళ్ల సంగతేంటండీ?"

"నేను ఎక్కినోళ్ల గురించే సెప్పానండి అమ్మగారూ. ఎక్కనోళ్ల గురించి ఏం సెప్పలేదు."

"ఇప్పుడు చెప్పొచ్చు కదా?"

"మైకు కట్టేశానండి."

రత్నమాణిక్యంగారు ఒకసారి పైకి చూశారు, ఒకసారి బస్సు వైపు చూశారు. చెప్పులు చేత పట్టుకుని నడక అందుకున్నారు.

"మాణిక్యం! తీర్మానం!" అన్నారు పద్మనాభంగారు.

"మీ తీర్మానం మీద మీరే సంతకం పెట్టుకోండి. నూరేళ్లు ఎవరో ఊరికే పంచుతుంటే నేను కూచుంటానా?"

ఆవిడ వెనకాల పూతరేకుల స్టాలు కదిలింది. దాని వెనక కజ్జికాయల స్టాలు. నిమ్మకాయ పరుగు కోసం నిలబడ్డ తల్లులు పిల్లల్ని, చెంచాల్ని, నిమ్మకాయల్ని అక్కడే వదిలేసి పరుగెత్తారు. హుండీ చుట్టూ ప్రదక్షిణం చేస్తున్న ముసలమ్మ దారి మార్చి వరసలోకి వచ్చేసింది. పక్క కాలనీ ఆడవాళ్లు గోడ దూకినంత పని చేశారు. స్థానికులకే ప్రాధాన్యమని రత్నమాణిక్యంగారు అక్కడికక్కడే ఓ రూలు పెట్టారు. కొందరు మగవాళ్లు కూడా వరసలో నిలబడితే డాక్టరమ్మ పక్కకి పంపింది. వాళ్లు తమకి అన్యాయం జరిగిందని ధనుంజయ్‌గారికి వినతిపత్రం రాయడం మొదలుపెట్టారు. ఆయన దాన్ని స్వీకరించడానికి శాలువా సర్దుకున్నారు.

ఆ తోపులాటలో ఎవరి ముందు ఎవరున్నారో ఎవరికీ తెలియలేదు. నీలంరంగు చీర ఒకటి నలుగురి మధ్యలో గుంపు లోపలికి కలిసిపోవడం వీరభద్రం ఒక్కడే చూశాడు. వెళ్లి స్పీకరు పెట్టె మీద కూర్చున్నాడు.

మధ్యాహ్నం వెళ్లాల్సిన బస్సు ఆలస్యంగా కదిలింది. దానికి ముందు డాక్టర్ షాహీన్ ఆయన్ని, వరాలుని మెట్ల దగ్గరికి పిలిచింది. గంట లేదు, మైకు లేదు. మెల్లగానే చెప్పింది.

"అంకుల్, ఆంటీకి ఉన్నది చిన్నదే. ఇంకో పరీక్ష చేస్తే గానీ ఏదీ ఖాయంగా చెప్పలేం. క్యాన్సర్ కాకపోవచ్చు. ఒకవేళ అయినా, ఇంత తొందరగా వచ్చారు కాబట్టి బాగుచేస్తాం. రేపు సాయంత్రం మా ఆసుపత్రికి రండి. తప్పకుండా."

ఆ రోజంతా ఆ పార్కులో ఆ మాట అన్నది ఆమె ఒక్కతే. ఆకాశం ఎక్కడిదక్కడే ఉంది. వేపచెట్టు కూడా కదల్లేదు.

సోమవారం సందేళ పట్నం బస్టాండులో దిగి ఆటో పిలిచారు. సరిగ్గా దేవతలు తిరిగే వేళ. ఆకాశం ఎర్రగా ఉంది.

"ఎక్కడికండీ?" అన్నాడు ఆటో అతను.

"ఆసుపత్రికయ్యా."

"ఏ ఆసుపత్రండీ? ఇక్కడ బోలెడున్నాయి. కళ్లదా, పళ్లదా?"

"అదేనయ్యా... అది..."

"అదంటే ఏదండీ బాబూ? పేరు సెప్పకపోతే ఊరంతా తిప్పి మళ్లీ ఇక్కడే దింపాలి."

వీరభద్రం గొంతు సవరించుకున్నాడు. హలో అనబోయి ఆగాడు.

"క్యాన్సర్ ఆసుపత్రికి."

మైకు లేకపోయినా గట్టిగానే వచ్చింది. పక్క ఆటోవాడు కూడా తిరిగి చూశాడు. వరాలు గబుక్కున తల బయటికి పెట్టి పైకి చూసి, ఆయన మోచేతి మీద ఒకటిచ్చింది.

"సందేళ పూట ఏం మాటలండీ అవి! పైనోళ్లు ఇంటే?"

"ఇననీవే. నూరేళ్లు అడిగాం కదా. ఎక్కడికి తెచ్చి ఇవ్వాలో ఆళ్లకి అడ్రసు తెలియద్దా?"

వరాలు నవ్వు ఆపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇన్ని రోజులకి ఆ కొంగు ఎడం పక్క వదిలి పైకొచ్చింది. ముందుకు వంగి ఆటో అతని భుజం మీద తట్టింది.

"క్యాన్సర్ ఆసుపత్రేనయ్యా. కాత్త తొందరగా పోనీ, చీటీలిచ్చే కిటికీ మూసేత్తారు."

"ఆయ్," అని అతను గేరు మార్చాడు.